ఇంజను చమురుమూత: దాని సంరక్షణయు, మార్పును

కొల్లేటి చెంతనున్న మండవల్లి ప్రాంతమున వరిపొలమునకు గాని, చేపల చెరువునకు గాని ఇంజను లేనిదే పని సాగదు. కారు, ట్రాక్టరు, నీరు తోడు డీసెలు ఇంజను, వీని కన్నిటికిని చమురు పోయు రంధ్రముపై చిన్న మూత గలదు. అది పోయినను ఇంజను నడచుచునే యుండును గనుక రైతులు దానిని ఉపేక్షింతురు. ఆ ఉపేక్షవలని నష్టము మూత వెలకంటె పెక్కురెట్లు అధికము.

మూత చేయు పని: ఇది ధూళిని, నీటిని లోనికి రానీయదు, లోని చమురును వెలికి చిమ్మనీయదు. నూర్పిళ్లనాటి దుమ్ము చమురులో కలిసినచో ఆకురాతివలె బేరింగులను, పిస్టను రింగులను అరగదీయును. మూత పోయినప్పుడు గుడ్డపీలిక కుక్కి నడుపరాదు. దాని పోగులు లోనికి జారి చమురు జల్లెడను మూయును; చమురందక ఇంజను బిగుసుకొనిపోవును.

పరీక్ష: ఇంజను ఆపి, చల్లారిన పిమ్మట, ముందుగా మూతచుట్టును తుడిచి, తరువాత విప్పవలెను. తుడువనిచో అచటి మన్ను లోన పడును. రబ్బరు వలయము చిట్లినను, గట్టిపడినను మార్చవలెను. కొన్ని ఇంజనుల మూతలోనే గాలి పోవు జాలీ యుండును. వలయమును తీసివేసి, జాలీని కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి బిగింపవలెను. రబ్బరునకు కిరసనాయిలు తగులనీయరాదు. అది ఉబ్బి చెడును. జాలీ పూడినచో లోని పీడనము పెరిగి సీలులనుండి చమురు కారును.

తెల్లని నురుగు: మూతక్రింద మజ్జిగవంటి నురుగు కనబడినంతనే భయపడవలదు. ఇంజనును కొలదిసేపే నడిపి ఆపుచుండినచో లోని తేమ చల్లని మూతకు పట్టి అట్లగును. తుడిచి, బాగుగ వేడెక్కువరకు నడిపినచో పోవును. కాని కొలతపుల్లపై చమురు సైతము తెల్లబారినను, రేడియేటరులో నీరు తగ్గుచుండినను హెడ్డు గాస్కెట్టు చెడియుండవచ్చును. అట్టి ఇంజనును నడుపక మేస్త్రీకి చూపవలెను.

వరద: 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటిలోనికి వచ్చినది. అట్టి నీటిలో మునిగిన ఇంజనును వెంటనే నడుపరాదు. మేస్త్రీచే పరీక్షింపజేసి, పాతచమురంతయు తీసివేయించి, క్రొత్తది పోయింపవలెను.

క్రొత్త మూత: పాతమూతను అంగడికి గొనిపోయి, ఆ ఇంజనుకు తగిన మూతనే కొనవలెను. మరలు సరిగా కూర్చి చేతితో బిగించిన చాలును, పానా వాడరాదు. పిదప కొంతసేపు నడిపి చెమ్మ కలదేమో చూడవలెను.

కావున రైతులు చమురు కొలుచునప్పుడెల్ల మూతనుగూడ పరీక్షించుట అలవరచుకొందురు గాక.