బడ్జెట్ నిర్ణయాలలో పౌరుల ఓటు: బెలో హొరిజాంటే నగరం నేర్పిన పాఠాలు

ప్రభుత్వ ఖజానాకు చేరే ప్రతి రూపాయీ ప్రజల కష్టార్జితమే. ఆ రూపాయిని ఏ రహదారికి, ఏ ఆసుపత్రికి, ఏ మురుగు కాలువకు వెచ్చించాలన్న నిర్ణయంలో మాత్రం సామాన్య పౌరునికి లభించే అవకాశం పరిమితం. ఎన్నికలలో ఓటు వేసిన తరువాత అయిదేళ్ళపాటు ఖర్చుల నిర్ణయాలన్నీ ప్రజాప్రతినిధులు, అధికారుల చేతులలోనే ఉంటాయి. ఈ దూరాన్ని తగ్గించే నిమిత్తం రూపొందినదే ప్రజా భాగస్వామ్య బడ్జెట్ విధానం. ఇంటర్నెట్ వ్యాప్తితో ఈ విధానం కంప్యూటర్ల ద్వారా, ఫోన్ల ద్వారా ఓటు వేసే దశకు చేరుకున్నది.

విధానానికి పునాది

దక్షిణ అమెరికా ఖండంలోని బ్రెజిల్ దేశంలో, పోర్టో అలెగ్రె నగర పాలక సంస్థ 1989లో ఈ విధానానికి శ్రీకారం చుట్టింది. నగరాన్ని ప్రాంతాలుగా విభజించి, ప్రతి ప్రాంతంలోనూ బహిరంగ సభలు ఏర్పాటు చేసి, తమకు అత్యవసరమైన పనులేవో ప్రజలే నిర్ణయించుకునే ఏర్పాటు చేయడం జరిగింది. సభలలో ఎన్నుకోబడిన ప్రతినిధులు అధికారులతో కూర్చుని పనుల జాబితాను ఖరారు చేసేవారు. తదనంతరం ఈ పద్ధతి బ్రెజిల్‌లోని ఇతర నగరాలకు, క్రమేణా ఇతర ఖండాలకు విస్తరించింది.

అయితే సభల పద్ధతికి ఒక పరిమితి ఉన్నది. సాయంత్రం వేళ గంటల తరబడి సభలో కూర్చోగల తీరిక అందరికీ ఉండదు. పనివేళలు కుదరని ఉద్యోగులు, యువకులు, ఇంటి బాధ్యతలు గల మహిళలు సభలకు దూరంగా ఉండిపోయే అవకాశం ఎక్కువ.

ఇంటర్నెట్ ద్వారా ఓటు

ఈ లోటును పూరించడానికి మినాస్ జెరాయిస్ రాష్ట్ర రాజధాని అయిన బెలో హొరిజాంటే నగరం 2006లో ముందడుగు వేసింది. అక్కడ అప్పటికే 1993 నుండి సభల పద్ధతి అమలులో ఉండేది. మేయర్ ఫెర్నాండో పిమెంటెల్ హయాంలో, సభల విధానాన్ని యథాతథంగా కొనసాగిస్తూనే, దానికి అదనంగా డిజిటల్ బడ్జెట్‌ను ప్రవేశపెట్టారు. ఇందుకుగాను 2 కోట్ల 2 లక్షలకు పైగా రియల్‌లు (బ్రెజిల్ కరెన్సీ) కేటాయించారు.

నగరంలోని తొమ్మిది పరిపాలనా ప్రాంతాలకు ఒక్కొక్క దానికి నాలుగు చొప్పున మొత్తం 36 పనులను ఓటింగుకు ఉంచారు. నగర ఓటరు తన ఓటరు కార్డు సంఖ్యను నమోదు చేసి, ప్రాంతానికి ఒక పని చొప్పున తొమ్మిది పనుల వరకు ఎంపిక చేసుకోవచ్చు. ఇంట్లో కంప్యూటర్ లేనివారి కోసం నగరమంతటా ఓటింగు కేంద్రాలు తెరిచారు. అత్యధిక ఓట్లు లభించిన పని ఆ ప్రాంతానికి మంజూరవుతుంది.

ఫలితం ఆశాజనకంగా ఉన్నది. 1,72,938 మంది పాల్గొని, 5,03,266 ఓట్లు వేశారు. ఇది నగర ఓటర్లలో దాదాపు పదవ వంతు. సభల పద్ధతిలో ఇంతటి స్పందన ఏనాడూ లభించలేదు.

నెరవేరని వాగ్దానం

2008లో నగర పాలక సంస్థ మరింత పెద్ద ప్రయత్నం చేసింది. 5 కోట్ల రియల్‌లు కేటాయించి, అయిదు భారీ రహదారి పనులను ప్రజల ముందుంచి, వాటిలో ఒకదానిని ఎన్నుకోవలసిందిగా కోరింది. ఇంటర్నెట్‌తోపాటు ఉచిత టెలిఫోన్ ద్వారా కూడా ఓటు వేసే సదుపాయం కల్పించింది. 1,24,320 మంది పాల్గొన్నారు. సావో విసెంటె కూడలి అభివృద్ధి పని గెలిచింది.

ఆ కూడలి నగర వలయ రహదారిని ఆనుకొని ఉన్నది. ఆ రహదారి ఫెడరల్ ప్రభుత్వ పరిధిలోనిది కావడంతో, నగర పాలక సంస్థ తనంతట తానుగా పని చేపట్టే వీలు లేకపోయింది. ప్రజలు ఎన్నుకున్న పని అనుకున్న సమయానికి పూర్తి కాలేదు. 2011లో మూడవ విడత ఓటింగు నిర్వహించగా పాల్గొన్నవారు 25,378 మంది మాత్రమే. గెలిచిన పని కళ్ళెదుట కనిపించకపోవడంతో సడలిన విశ్వాసమే ఈ తగ్గుదలకు ఒక ముఖ్య కారణమని ఈ ప్రయోగాన్ని అధ్యయనం చేసిన పరిశోధకులు పేర్కొన్నారు.

సలహా వేరు, నిర్ణయం వేరు

మన దేశంలోనూ ఈ దిశగా ప్రయత్నాలు జరిగాయి. పూణె నగర పాలక సంస్థ 2006 నుండి తమ వార్డుకు కావలసిన చిన్న పనులను పౌరులు సూచించే ఏర్పాటు చేసింది. 2014 జూలై 26న ప్రారంభమైన మైగవ్ వేదిక ద్వారా కేంద్ర బడ్జెట్ రూపకల్పనకు ముందు ప్రజల సలహాలను స్వీకరించడం జరుగుతున్నది. తెలుగు ప్రాంతాలతో సహా దేశమంతటా గ్రామసభలకు 1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ బలం చేకూర్చింది.

ఇక్కడ ఒక తేడాను గుర్తించవలసి ఉన్నది. సలహా స్వీకరించిన ప్రభుత్వం దానిని పాటించవచ్చు, పాటించకపోవచ్చు. బెలో హొరిజాంటేలో మాత్రం పౌరుని ఓటే పనిని ఎంపిక చేసింది. కనుక ఏ వేదికనైనా ఏర్పాటు చేసేటప్పుడు ప్రజలను అడుగుతున్నది సలహాయా, నిర్ణయమా అన్నది ముందుగానే స్పష్టం చేయడం అవసరం.

గమనించవలసిన అంశాలు

బెలో హొరిజాంటే అనుభవం నుండి ఈ క్రింది అంశాలను గ్రహించవచ్చు:

1. ఓటింగుకు ఉంచే ప్రతి పనికి నిధులు, స్థలం, అనుమతులు, పరిధి ముందుగానే నిర్ధారించుకోవాలి. ఇతర శాఖల చేతిలో ఉన్న పనిని ప్రజల ముందుంచడం తగదు.

2. ఇంటర్నెట్ లేనివారికి కేంద్రాలు, టెలిఫోన్ వంటి ప్రత్యామ్నాయాలు ఉండాలి. లేనిచో సదుపాయం గలవారి వీధులకే నిధులు చేరే ప్రమాదం ఉన్నది.

3. ఒకరికి ఒకే ఓటు దక్కేలా గుర్తింపు ఏర్పాటు ఉండాలి. అదే సమయంలో ఆ ఏర్పాటు సామాన్యునికి అడ్డంకి కారాదు.

4. ముఖాముఖి సభలను రద్దు చేయరాదు. ఓటు ద్వారా ఎంపిక మాత్రమే జరుగుతుంది. ఇరుగుపొరుగు అవసరాలను విని, చర్చించి, సర్దుకునే అవకాశం సభలోనే లభిస్తుంది.

5. ఎంపికైన పని ఏ దశలో ఉన్నదో ఎప్పటికప్పుడు ప్రజలకు తెలియజేయాలి. జాప్యం జరిగితే కారణాన్ని దాచకుండా ప్రకటించాలి.

సాంకేతిక పరిజ్ఞానం పౌరుని మాటను నిమిషాలలో పాలకుల వద్దకు చేర్చగలదు. ఆ మాట ప్రకారం రోడ్డు పడినప్పుడు, కాలువ తవ్వినప్పుడు మాత్రమే ఆ పౌరుడు మరుసటి ఏడాది తిరిగి ఓటు వేయడానికి ముందుకు వస్తాడు. రెండు విడతలలో లక్షకు పైగా ప్రజలు తలుపు తట్టిన ఆ నగరంలో, మూడవ విడతకు పాతిక వేల మంది మాత్రమే మిగలడం ఈ సత్యాన్నే చాటుతున్నది.