లోపలి టైరుతో జాగ్రత్త!
* ఒకటి దిగితే రెండోదానిపై రెట్టింపు భారం
* గాలి పరీక్షకు ఉదయమే అనువైన సమయం

సబ్బవరం: దూరం నుంచి చూస్తే వెనుక చక్రాలు నిండుగానే కనిపిస్తాయి. లారీ నిటారుగానే నిలుస్తుంది. లోపలి టైరులో గాలి ఉందో లేదో మాత్రం వెలుపలి టైరు తెలియనివ్వదు. భారీ వాహనాల వెనుక ఇరుసుకు ఒక్కో పక్క జంటగా ఉండే టైర్లతో వచ్చే చిక్కు ఇదే. అనకాపల్లి-ఆనందపురం ఆరు వరుసల జాతీయ రహదారి సబ్బవరం మీదుగానే సాగుతుంది. చెన్నై-కోల్‌కతా మార్గంలో విశాఖ నగరంలోకి వెళ్లనవసరం లేని సరకు లారీలకు ఇదే దారి. ఎండకు కాగే రోడ్డుపై నిండు బరువుతో నడిచే ఈ వాహనాలకు గాలి చూసుకోవడం కేవలం డీజిలు ఆదా లెక్క కాదు. డ్రైవరు, క్లీనరుతో పాటు పక్కన ప్రయాణించేవారి ప్రాణాలకు సంబంధించిన విషయం.

భారం లెక్క ఇదీ...
కేంద్ర ప్రభుత్వం 2018లో సవరించిన పరిమితుల ప్రకారం నాలుగు టైర్లున్న ఒంటి ఇరుసుపై గరిష్ఠంగా 11.5 టన్నుల బరువు ఉండవచ్చు. అంటే ఒక్కో టైరు వాటా 2,875 కిలోలు. టైరు పక్క గోడపై 149/146 వంటి అంకెలు ముద్రించి ఉంటాయి. ఒంటిగా బిగిస్తే ఎంత మోయగలదో మొదటి అంకె, జంటగా బిగిస్తే ఎంత మోయగలదో రెండో అంకె సూచిస్తాయి. 149 అంటే 3,250 కిలోలు, 146 అంటే 3,000 కిలోలు. జంటలో సామర్థ్యాన్ని తగ్గించి చూపడానికి కారణం ఉంది. రెండు టైర్లూ ఎల్లవేళలా బరువును సమానంగా పంచుకోవు. వాటి నడుమ గాలి సరిగా ఆడక వేడి కూడా నిలిచిపోతుంది.

జంటలో ఒకటి పూర్తిగా దిగిపోతే మిగిలినదానిపై పడే భారం 5,750 కిలోలు. దాని శక్తికి ఇది దాదాపు రెట్టింపు. ఆ స్థితిలో వేగంగా వెళ్తే మంచి టైరు కూడా పేలిపోవచ్చు. దిగిన టైరు నలుగుతూ, పక్కదానికి రాసుకుంటూ వేడెక్కి అంటుకునే ప్రమాదమూ ఉంది.

చప్పుడుతో తేలదు
ఇనుప కడ్డీతో టైరును కొట్టి చప్పుడును బట్టి గాలిని అంచనా వేయడం చాలామందికి అలవాటు. పూర్తిగా దిగిన టైరును ఇలా పట్టుకోవచ్చు. 110 పాయింట్లు ఉండాల్సిన చోట 88 ఉంటే మాత్రం చెవికి తేడా తెలియదు. నిర్ణీత పీడనంలో ఇలా ఐదో వంతు తగ్గిన టైరును దిగిన టైరుగానే లెక్కించాలి. అందుకు గేజీ తప్పనిసరి. జంట చక్రాల వాల్వులు ఎదురెదురు దిశల్లో తిరిగి ఉంటాయి కాబట్టి రెండు తలల పొడవాటి గేజీ అనువుగా ఉంటుంది. చక్రాలు బిగించేటప్పుడే రెండు వాల్వులూ ఒకదానికొకటి సరిగ్గా ఎదురు పక్కల ఉండేలా చూసుకుంటే, వెలుపలి డిస్కు రంధ్రంలోంచి లోపలి వాల్వును సులువుగా అందుకోవచ్చు.

వేడిలో గాలి తీయొద్దు
కనీసం మూడు గంటలు నిలిపిన తర్వాత, లేదా ఉదయం బండి కదలకముందు గాలి చూడాలి. చల్లగా ఉన్నప్పుడు 110 ఉన్న టైరులోని గాలి మరో 30 డిగ్రీలు వేడెక్కితే గేజీ 122 వరకు చూపుతుంది. ఇది సహజమే. ఎక్కువైందని భయపడి 110కి తగ్గిస్తే, టైరు చల్లబడేసరికి మిగిలేది 99 మాత్రమే. మర్నాటి ప్రయాణం తక్కువ గాలితోనే మొదలవుతుంది. ఎంత గాలి ఉండాలన్నది టైరు రకాన్ని, మోసే బరువును బట్టి తయారీదారు ఇచ్చిన పట్టిక చూసి నిర్ణయించుకోవాలి.

జోడీ కుదరాలి
రెండు చక్రాలూ ఒకే హబ్బుకు బిగించి ఉంటాయి కాబట్టి సమానంగానే తిరగాలి. కొత్త టైరు పక్కన అరిగిన టైరు వేస్తే పెద్దది బరువంతా మోస్తుంది, చిన్నది రోడ్డుపై ఈడ్చుకుపోతుంది. వ్యాసంలో 6 మిల్లీమీటర్ల తేడా ఉన్నా చుట్టుకొలతలో 19 మిల్లీమీటర్లు తేడా వస్తుంది. కిలోమీటరుకు సుమారు 300 సార్లు తిరిగే లారీ చక్రానికి ఇది దాదాపు 6 మీటర్ల ఈడ్పు. గాలి తేడా కూడా ఇదే నష్టం తెస్తుంది. ఆరు చక్రాల బస్సుకైనా, కారవాన్‌కైనా ఈ సూత్రం ఒక్కటే.

నింపేటప్పుడే ముప్పు
తక్కువ గాలితో చాలా దూరం నడిచిన టైరులో ఉక్కు తీగలు నలిగి తెగిపోతాయి. పైకి ఏమీ కనిపించదు. మళ్లీ గాలి నింపుతుండగా పక్క గోడ జిప్పు విప్పినట్లు ఒక్కసారిగా చీలిపోతుంది. అందుకే అలాంటి టైరును అక్కడికక్కడే నింపకుండా విప్పించి లోపల పరీక్షించాలి. ట్యూబు టైర్ల డిస్కులకు ఉండే లాక్‌రింగు సరిగా కూర్చోకపోతే ఎగిరివచ్చి ప్రాణం తీయగలదు. విప్పిన చక్రాన్ని ఇనుప బోనులో ఉంచి, పొడవాటి గొట్టంతో, పక్క గోడకు ఎదురుగా నిలబడకుండా నింపాలి. గాలి ఉండగా లాక్‌రింగును సుత్తితో కొట్టకూడదు.

ఇవి మరవొద్దు
* లోపలి టైరుతోనే పరీక్ష మొదలుపెట్టాలి. స్టెప్నీనీ చూడాలి.
* వాల్వులకు లోహపు మూతలు ఉంచాలి. పొడిగింపు గొట్టాల వద్ద లీకులు గమనించాలి.
* జంట టైర్ల నడుమ ఇరుక్కున్న రాళ్లను బయలుదేరకముందే తీసేయాలి. వేగంలో అవి ఎగిరి వెనుక వచ్చేవారికి తగులుతాయి.
* రెండు టైర్ల పక్క గోడలు ఒకదానికొకటి తాకుతుంటే బండి తీయకూడదు.
* చక్రం దెబ్బతిన్నా, గాలి బాగా తగ్గినా నట్లు వదులు చేసే ముందే జంటలోని రెండు టైర్ల గాలీ పూర్తిగా తీసేయాలి.