జానకి అంటే... ఏ జానకి?

మీ ఫోన్‌లో ఎంతమంది శ్రీనులు ఉన్నారు? నా దాంట్లో ఐదుగురు. శ్రీను ఏసీ, శ్రీను టెన్త్ క్లాస్, శ్రీను పాల ప్యాకెట్... ఇలా పక్కన ఏదో ఒకటి తగిలించకపోతే కాల్ ఎవరికి వెళ్తుందో తెలీదు. మన సినిమావాళ్లు ఈ పని మొబైల్స్ పుట్టకముందే చేసేశారు. అందులో నాకు బాగా నచ్చేది ముగ్గురు జానకిల కథ.

మొదటావిడ 1950లో వచ్చారు. విజయా ప్రొడక్షన్స్ వాళ్ల తొలి సినిమా 'షావుకారు'. ఎల్వీ ప్రసాద్ డైరెక్షన్, ఎన్టీఆర్ హీరో, శంకరమంచి జానకి హీరోయిన్. ఇంకేముంది, సినిమా పేరే ఆవిడకి ఇంటిపేరైపోయింది. తమాషా ఏంటంటే, తమిళంలో పెద్ద పేరు తెచ్చుకున్నాక కూడా అక్కడివాళ్లు 'సౌకార్ జానకి' అనే పిలిచారు. 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడూ వార్తల్లో అదే పేరు. ఆ సినిమా చూడనివాళ్లక్కూడా షావుకారు జానకి తెలుసు.

రెండో ఆవిడ 1957లో సినిమాల్లో పాడటం మొదలుపెట్టారు. ఇంటిపేరు శిష్ట్లా. గమనించారా? పొట్టి పేరు రాస్తే శంకరమంచివారూ ఎస్. జానకే, శిష్ట్లావారూ ఎస్. జానకే! ఒకావిడకి సినిమా పేరు ముందే అతుక్కుంది కాబట్టి సరిపోయింది. పాటల జానకికి ఆ ఒక్క అక్షరం చాలింది. 2013లో పద్మభూషణ్ ప్రకటిస్తే, మరీ ఆలస్యంగా ఇచ్చారంటూ వద్దనేశారు. అలా అనాలంటే ఎంత పాడి ఉండాలి!

మూడో ఆవిడ దగ్గరికొచ్చేసరికే నా మనసు కాస్త చివుక్కుమంటుంది. ఆవిడ డబ్బింగ్ జానకి. వేరేవాళ్లకి గొంతు ఇచ్చినందుకు వచ్చిన పేరది. 1983లో వచ్చిన 'సాగర సంగమం'లో కమల్ హాసన్ తల్లిగా చేసింది ఈవిడే. అందులో పాటలు పాడింది ఎస్. జానకి. ఒకే సినిమాలో ఇద్దరు జానకిలు, ఒకరు తెర మీద, ఒకరు తెర వెనక. తీరా చూస్తే 'డబ్బింగ్' అన్న మాట మాత్రం తెర మీద మనకి కనిపించిన ఆవిడ పేరుకే ఉంది! అన్ని అమ్మ పాత్రలు వేసినా అది ఊడలేదు.

మగవాళ్లకీ ఈ తిప్పలు తప్పలేదు. ఎస్వీ రంగారావు వెలిగిపోతున్న రోజుల్లో ఇంకో రంగారావు వస్తే ఏమని పిలవాలి? 1967లో బాపు తీసిన 'సాక్షి' ఆయన్ని సాక్షి రంగారావుని చేసింది. అందులో హీరోయిన్ విజయనిర్మల. ఆవిడ అబ్బాయి నరేష్ మనందరికీ తెలిసినవాడే. ఆయన ఉండగానే ఈవీవీ సత్యనారాయణ గారబ్బాయి ఇంకో నరేష్ 2002లో 'అల్లరి' సినిమాతో దిగాడు. అలా అల్లరి నరేష్ అయ్యాడు.

కామెడీలు చేసినన్నాళ్లూ ఆ పేరు భలే సూటయ్యింది. చిక్కల్లా 2021లో 'నాంది'తో వచ్చింది. చెయ్యని నేరానికి జైల్లో మగ్గే కుర్రాడిగా నరేష్ కనిపిస్తే హాల్లో నవ్వేవాళ్లు ఎవరుంటారు? కానీ దాని గురించి రాయాలంటే, ఎవరైనా సరే, 'అల్లరి' నరేష్ కన్నీళ్లు పెట్టించాడు అనే రాయాలి.