మెస్సు కథ

లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఓ ఇల్లు అనుకోండి. ఆదివారం పొద్దున్నే మనవడు హాస్టల్ నుంచి దిగాడు. బ్యాగు విప్పి పది నిమిషాలు కాలేదు... మంచం మీద బట్టలు, కుర్చీలో పుస్తకాలు, నేల మీద వైర్లు. ‘రూమంతా మెస్ చేసి పెట్టావేంట్రా!’ అని తల్లి కేక. వర్క్‌షాపులో రిటైరైన తాతయ్య పేపర్లోంచి తలెత్తి, ‘మెస్సంటే అన్నం పెట్టే చోటు కదమ్మా, అదెప్పుడు తిట్టయింది?’ అన్నాడు. మనవడు ఊరుకుంటాడా? ‘మా హాస్టల్ మెస్సు చూస్తే తెలుస్తుంది తాతయ్యా!’

హాస్టల్లో ఉన్న ప్రతి తరమూ వేసుకునే జోకే ఇది. గలీజుగా ఉంటుంది కాబట్టే మెస్సుకు ఆ పేరు వచ్చిందని చాలామంది నిజంగానే నమ్ముతారు కూడా. కానీ వరస తిరగబడింది. ముందు పుట్టింది అన్నం. చిందరవందర ఆ తర్వాత అయిదారు వందల ఏళ్లకు గానీ రాలేదు.

లాటిన్‌లో ‘మిత్తెరె’ అంటే పంపడం. ‘మిస్సుస్’ అంటే పంపినది. వంటింట్లోంచి బల్ల మీదికి పంపిన వంటకమన్నమాట. అది పాత ఫ్రెంచిలోకి వెళ్లి, అక్కణ్నుంచి 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి ‘మెస్’గా వచ్చింది. అర్థం... ఒక వడ్డన, ఒక వంటకం. మెసేజ్, మిషన్, మిసైల్ అన్నీ ఆ ‘పంపడం’ లోంచి వచ్చినవే. చర్చిలో జరిగే ‘మాస్’ కూడా వీటికి చుట్టమే. బైబిల్లో ఏశావు ఆకలికి తాళలేక తమ్ముడు వండిన పప్పుకూటి కోసం పెద్దకొడుకు హక్కునే వదులుకుంటాడు చూడండి, దాన్ని 16వ శతాబ్దపు ఇంగ్లీషు బైబిళ్లలో ‘మెస్’ అనే రాశారు.

మరి చెత్త ఎక్కడ కలిసింది? జావలా, ముద్దలా ఉండే తిండిని మెస్ అనేవారు. 18వ శతాబ్దానికి పశువులకు అన్నీ కలిపి పెట్టే దాణాకూ అదే మాట వాడారు. అలా కలిపేసిన ముద్ద 19వ శతాబ్దంలో ఏ గజిబిజికైనా పేరైపోయింది. ముందు గందరగోళం, తర్వాత అశుభ్రం.

ఇంగ్లీషువాళ్లను చూసి నవ్వనక్కర్లేదు. మనం మాత్రం తక్కువ తిన్నామా? బియ్యం, పెసరపప్పు కలిపి వండే పులగాన్ని ‘కలగాపులగం’ చేశాం. నాలుగు రకాల ఆకుకూరలు పడేసిన గంపను ‘కలగూరగంప’ అన్నాం. హైదరాబాదులో వ్యవహారం చెడితే ‘కిచిడీ’ అయిందంటాం. వంటింట్లోంచి తిట్లు తెచ్చుకోవడంలో భాషలన్నీ ఒకటే!

అసలు ముచ్చట మాత్రం మెస్సు రెండో అర్థంలో ఉంది. వంటకం పేరు కాస్తా దాని చుట్టూ కూర్చుని తినేవాళ్ల పేరయింది. సాధారణంగా నలుగురు. లండన్‌లో బారిస్టరు చదువు చెప్పే ‘ఇన్’లలో నలుగురేసి కలిసి భోంచేసే పద్ధతి అలాగే వచ్చింది. ఇన్నర్ టెంపుల్‌లో చదివిన గాంధీజీ తన ఆత్మకథలో ఈ సంగతి రాశారు. నలుగురికి రెండు సీసాల ద్రాక్షసారా ఇచ్చేవారట. ఆయన ముట్టరు కదా, అందుకని తమతో కూర్చోమని మిగతావాళ్లు పిలుపుల మీద పిలుపులు! కలిసి తినే సిపాయిల జట్టు కూడా మెస్సే అయింది. తర్వాత వాళ్లు తినే గదికీ అదే పేరు.

1798 సంధితో కంపెనీ సేనలు హైదరాబాదు రాజ్యంలో స్థిరపడ్డాయి. 1806లో సికింద్రాబాదుకు పేరు పెట్టారు. దండుతో పాటు ఆఫీసర్స్ మెస్సులూ వెలిశాయి. 1893లో నిజాం రైల్వే లాలాగూడలో వర్క్‌షాపు పెట్టాక ఇంగ్లీషు, తమిళం, ఉర్దూ, తెలుగు ఒకే కాలనీలో కాపురం చేశాయి. ఇక పక్కనే ఉన్న ఉస్మానియా క్యాంపస్ సంగతి చెప్పాలా? మెస్ బిల్లు, మెస్ కార్డు లేకుండా హాస్టల్ జ్ఞాపకాలే ఉండవు. నెలాఖరున ఖర్చంతా లెక్కేసి తలకింతని పంచుకునే ‘డివైడింగ్’ మెస్సు ఉంది చూశారూ, ఆ పాత ఇంగ్లీషు అర్థానికి దగ్గరగా మిగిలింది అదేనేమో! ఆ అర్థం ఇంగ్లండ్‌లో సిపాయిలకూ నావికులకూ లాయర్లకూ మిగిలితే, ఇక్కడ సందు చివరి బోర్డు మీదికెక్కింది.

మరి మెస్సు రాకముందు మనకేముంది? పూటకూళ్ల ఇల్లు. పూటకింత కూడు, పూటకింత డబ్బు. ఎక్కువగా భర్త పోయిన ఆడవాళ్లు నడిపేవారు. వాళ్ల వంట కావాలి, వాళ్లకు మర్యాద మాత్రం అక్కర్లేదన్నట్టుండేది లోకం. ‘కన్యాశుల్కం’లో పూటకూళ్లమ్మకు సొంత పేరైనా వినబడదు. ‘మెస్’ అని ఇంగ్లీషు బోర్డు తగిలించేసరికి అదే పనికి కాస్త గౌరవం వచ్చింది.

ఒంగోలులో అలాంటి ఇల్లు నడిపిన ఒకావిడ పేరు మాత్రం మనకు తెలుసు. సుబ్బమ్మగారు. భర్త పోయేనాటికి పెద్దకొడుక్కు పదకొండేళ్లు. వచ్చినవాళ్లకు అన్నం వండి పెట్టి పిల్లల్ని సాకింది. ఆ కొడుకే టంగుటూరి ప్రకాశం పంతులు, 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి. 1904లో ఆయన బారిస్టరు చదువుకు లండన్ వెళ్లారు. అప్పట్లో అక్కడ పరీక్షలు ప్యాసైతే సరిపోయేది కాదు. టర్ముకిన్ని చొప్పున ‘ఇన్’లో భోజనాలూ చేసి తీరాల్సి వచ్చేది, అప్పుడే పట్టా. పూటకూళ్లమ్మగారి అబ్బాయి ఆ భోజనాలూ పూర్తి చేసుకుని, 1907లో బారిస్టరుగా తిరిగొచ్చాడు.