టాపికల్ స్టెరాయిడ్

చర్మ క్రీముల విచ్చలవిడి వాడకంపై వచ్చే వార్తల్లో తరచూ కనిపించే పదమిది. చర్మంపై పూసే స్టెరాయిడ్ మందును ఇలా అంటారు. కండలు పెంచే స్టెరాయిడ్లు వేరు. ఇవి మన అడ్రినల్ గ్రంథుల్లో తయారయ్యే కార్టిసాల్ తరహావి. చర్మంలో వాపును అణచి, రక్తనాళాలను కుంచింపజేస్తాయి. దాంతో ఎరుపు, దురద తగ్గుతాయి.

అన్నీ ఒకే బలం కావు. 1 శాతం హైడ్రోకార్టిసోన్ తేలికపాటిది. ఎగ్జిమాకు, పురుగు కుట్టిన దద్దుర్లకు కొద్ది రోజులు వాడతారు. క్లోబెటసాల్ 0.05 శాతమే ఉన్నా అత్యంత శక్తిమంతం. ట్యూబు మీది అంకె చూసి బలం అంచనా వేస్తే పొరబడినట్టే. ఎంత రాయాలో చెప్పే కొలత 'ఫింగర్‌టిప్ యూనిట్': పెద్దవాళ్ల చూపుడువేలి కొన నుంచి మొదటి గీత దాకా పిండిన క్రీము, సుమారు అర గ్రాము. వేళ్లతో సహా రెండు అరచేతులంత చోటుకు అది చాలు.

అసలు చిక్కు తామరతో. స్టెరాయిడ్ రాస్తే దురద తగ్గి నయమైనట్టే ఉంటుంది, ఫంగస్ మాత్రం లోలోపల పాకుతుంది. మచ్చ రూపు మారిపోయి డాక్టర్లు కూడా వెంటనే పోల్చుకోలేరు. దీన్నే 'టీనియా ఇన్‌కాగ్నిటో' అంటారు. ముఖం తెల్లబడాలని బలమైన క్రీములను నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, మొటిమలూ వస్తాయి. 2018లో కేంద్రం పలు స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్ పరిధిలోకి తెచ్చింది. వాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు.