ఆరుబయట పొయ్యికి నమ్మదగిన లైటరు

వంటయిల్లు విడిచి వెలుపల పొయ్యి పెట్టవలసిన దినములు మనకు ఏటేట కొన్నియైనను వచ్చుచుండును. కార్తికమున ఉసిరిచెట్టు క్రింద వనభోజనములు. రెండేండ్ల కొకమారు మాఘమాసమున మేడారము సమ్మక్క సారలమ్మల జాతర. మా ఖిలా వరంగల్లు కోటలోని కుటుంబములు బియ్యము, పప్పు, బెల్లము, గిన్నెలు మూటగట్టుకొని బయలుదేరును. 1996లో రాష్ట్రపండుగగా ప్రకటింపబడిన యా జాతర నాలుగు దినములును జంపన్నవాగు చెంత మూడు రాళ్ల పొయ్యియే వంటశాల. అన్నియు నుండి నిప్పొక్కటి లేకున్నచో పిల్లల యాకలి తీరదు. మంచునకు మెత్తబడిన అగ్గిపుల్లలను గీచి గీచి పెట్టె ఖాళీచేసిన యనుభవము మనలో ననేకులకు గలదు. కావున నింపుకొని మరల మరల వాడుకొనదగిన జేబులైటరును గూర్చి కొంత తెలిసికొనుట మనకు మేలు.

మన పెద్దలు చెకుముకిరాతిని ఉక్కుముక్కతో కొట్టి, రాలిన రవ్వను దూదిలో పట్టి, ఊది మంట చేసికొనిరి. లైటరు ఆ చెకుముకికి మనుమరాలే. అయితే దీనిలోని రాయి నిజమైన రాయి కాదు. సీరియము మొదలగు లోహములను ఇనుముతో గలిపిన మిశ్రమము. ఆస్ట్రియా దేశీయుడగు కార్ల్ ఔయర్ అను రసాయనశాస్త్రజ్ఞుడు 1903లో దీనికి పేటెంటు పొందెను. గరుకు చక్రము గీచినపుడు రాలు దీని పొడి గాలి సోకినంతనే మండును.

నింపుకొను లైటర్లు ముఖ్యముగా రెండు విధములు. మొదటిది వత్తి లైటరు. లోపల దూది, దానిలో వత్తి, దూదికి పట్టించిన తేలికయైన నాఫ్తా నూనె. అమెరికాలో జార్జి బ్లెయిస్‌డెల్ అను నతడు 1932లో స్థాపించిన జిప్పో సంస్థవారి లైటరు ఈ జాతిలో ప్రసిద్ధము. వత్తిచుట్టును రంధ్రములుగల లోహపు గూడుండుటచేత గాలికి మంట సులభముగా నారదు. మూత వేయువరకు వెలుగుచునే యుండును. దీని లోపమొక్కటి: వాడకున్నను నూనె ఒకటి రెండు వారములలో ఆవిరియై పోవును. పెట్టెలో భద్రముగా దాచి జాతరనాడు తీసిన, వట్టి డొల్ల చేతికి వచ్చును! ప్రయాణమునకు ముందుదినమున నింపుకొనుటయే దీనికి మందు.

రెండవది గ్యాసు లైటరు. దీనిలో బ్యూటేను అను వాయువు ఒత్తిడిచే ద్రవమై యుండును. ఇది నెలల తరబడి నిలుచును. కాని దీని మామూలు మంట చిరుగాలికే యారిపోవును. బుస్సుమని సూదివలె వెడలు మంటగలవి గాలికి నిలుచును గాని గ్యాసును త్వరగా త్రాగును. వాని సన్నని రంధ్రము మురికిచే పూడుకొనుటయు గలదు. బ్యూటేను సున్న డిగ్రీల చలికి చేరువలో ఆవిరి కాజాలదు. మన మైదానములలో ఆ చింత లేదు. హిమాలయ యాత్రకు బోవువారు మాత్రము గమనింపవలెను. మనకు భయము ఎండవలన. ఎండలో నిలిపిన కారులోను, కాగిన బండమీదను దీనిని విడువరాదు.

కొనునపుడు పురుషులు ముందుగా వెల యడుగుదురు. మనము అడుగవలసినది, దీనికి రాయి, వత్తి, ఇంధనము మన యూరి యంగడిలో దొరకునా యని. దొరకనిచో ఎంత మేలైన లైటరును మూడు నెలలలో ఆటవస్తువగును. అంగడిలోనే పదిమారులు గీచి చూడుడు. ఎనిమిదిమారులైన వెలుగనిదానిని కొనకుడు. పంకాగాలికి ఎదురుగా పట్టి పరీక్షింపుడు. మూత కీలు వదులుగా నున్నదా, గ్యాసు లైటరైనచో నింపుచోట బుసబుస వినవచ్చుచున్నదా, కనిపెట్టుడు. 20 రూపాయలకు తక్కువ వెలగల విదేశపు సిగరెట్టు లైటర్ల దిగుమతిని మన ప్రభుత్వము 2023లో నిషేధించినది.

వత్తి లైటరులో గ్యాసునూనె పోసిన రవ్వకు త్వరగా నంటుకొనదు, మసి పట్టును. పెట్రోలు పోయుట ప్రమాదకరము. నింపునపుడు దగ్గర దీపమైనను ఉండరాదు. చేతికంటిన నూనె తుడుచుకొని, ఆరినపిమ్మటనే వెలిగింపవలెను. పొంగునట్లు నింపి వెంటనే రొంటిన దోపుకొన్నచో నూనె యూరి చర్మము బొబ్బలెక్కును. గ్యాసు నింపునపుడు లైటరును తలక్రిందులుగా పట్టి, డబ్బామూతిని నిలువుగా నొక్కి, కొన్ని నిమిషములు ఆగవలెను. ఇంధనపు డబ్బాను రైలులో తీసికొనిపోరాదు; 1989 నాటి రైల్వే చట్టము ప్రకారము అది శిక్షార్హము.

పొయ్యి రాజేయుటలో నొక యుపాయము చెప్పెదను. లైటరును చేతితో పుల్లల నడుమకు దూర్పకుడు. ఎండుటాకుమీద కర్పూరపు బిళ్ల వెలిగించి చితుకుల క్రిందికి త్రోయుడు. లైటరు వెంటనే మూసి దూరముగా నుంచుడు. పైటకొంగు నడుమునకు బిగించుకొనుడు. పొయ్యి దగ్గర నైలాను చీరకంటె నూలుచీర మేలు. ఆరుచున్న పొయ్యిపై నూనె పోయుట ప్రాణముమీదికి తెచ్చుకొనుటయే. చేయి కాలినచో సిరా, పిండి పూయక, ఇరువది నిమిషములు చల్లని నీటిధార క్రింద నుంచి, గాయము పెద్దదైనచో వైద్యుని జూడవలెను.

మేడారము చుట్టుపట్ల అడవి. చేరువనే ఏటూరునాగారము అభయారణ్యము. మాఘమునకే యాకు రాలి యెండియుండును. అభయారణ్యమునకు ముప్పు కలుగునట్లు నిప్పు పెట్టుటయు, మండుచుండగా విడిచిపోవుటయు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము నిషేధించుచున్నది. కావున అనుమతించినచోటనే పొయ్యి పెట్టి, వంట ముగిసినంతనే నీళ్లు చల్లి, బూడిద కలియబెట్టి, చల్లబడినదని తెలిసినపిమ్మటనే కదలవలెను. ఇంత చేసినను, లైటరుతోపాటు మూతగల చిన్నడబ్బాలో నొక అగ్గిపెట్టె నుంచుకొనుట మరువకుడు. యంత్రము మొండికెత్తిన దినమున అదియే మన పరువు నిలుపును.