"నేను చెప్తా, మీరు చెయ్యండి"

మేనేజ్‌మెంట్ సబ్జెక్ట్‌లో అథారిటేరియన్ లీడర్‌షిప్ అని ఒక టాపిక్ ఉంటుంది. సింపుల్‌గా చెప్పాలంటే "నేను చెప్తా, మీరు చెయ్యండి" పద్ధతి. పరీక్షలో నాలుగు లాభాలు, నాలుగు నష్టాలు రాసేసి మర్చిపోతాం. కానీ దీనికి పెద్ద ఉదాహరణ మన హిందూపురం నుంచి 1985, 1989, 1994లో వరుసగా గెలిచిన ఎన్.టి. రామారావు గారి పాలనలోనే ఉంది.

ముందు లాభం చూద్దాం. అప్పట్లో ఊరి భూమి లెక్కలన్నీ కరణం చేతిలో ఉండేవి. కరణం, మునసబు పదవులు చాలా చోట్ల తండ్రి నుంచి కొడుక్కి వచ్చేవి. మనలాంటి కరువు జిల్లాలో రైతుకి అప్పు కావాలన్నా, పంట నష్టం రాయించుకోవాలన్నా ఆ లెక్కలే దిక్కు. 1984 జనవరిలో ఎన్టీఆర్ ఒక్క ఆర్డినెన్స్‌తో ఆ పదవులన్నీ తీసేశారు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, ఆఫీసు ఊరికి దగ్గరైంది. పదవి ఉన్నవాళ్ళని ఒప్పించి చెయ్యాలనుకుంటే ఇది ఎప్పటికి అయ్యేదో!

ఇక రెండో వైపు. 1983లో ఉద్యోగుల రిటైర్మెంట్ వయసుని ఒక్కసారిగా 58 నుంచి 55కి తగ్గించారు. ఉద్యోగులు సమ్మెకి దిగారు. 1984లో అది మళ్ళీ 58కే వచ్చింది. 1989 ఫిబ్రవరిలో బడ్జెట్ వివరాలు ముందే బయటికి పొక్కాయని మంత్రులందరినీ, అంటే 31 మందిని, ఒకేసారి తీసేశారు. లీక్ చేసింది ఎవరైనా, శిక్ష మాత్రం అందరికీ. ఇలాంటి చోట తర్వాతి తప్పు కనిపించినప్పుడు "సార్, ఇది కరెక్ట్ కాదేమో" అని ఎవరంటారు? 1994 డిసెంబర్‌లో ఆయన పార్టీ 200కి పైగా సీట్లు గెలిచింది. తొమ్మిది నెలలు తిరక్కుండానే, 1995 ఆగస్టులో, ఆ ఎమ్మెల్యేల్లో ఎక్కువమంది ఆయన్ని వదిలి చంద్రబాబు నాయుడు వైపు వెళ్ళిపోయారు. దానికి కారణాలు చాలానే చెప్తారు. కానీ అంతమందిలో అసంతృప్తి అంత దూరం వచ్చేదాకా పెద్దాయనకి అందకపోవడమే నాకు ముఖ్యమనిపిస్తుంది.

1930ల చివర్లో అమెరికాలో కర్ట్ లెవిన్, ఆయన తోటి పరిశోధకులు పదేళ్ళ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. పిల్లల్ని గ్రూపులు చేసి మాస్కులు తయారుచేయించారు. అన్నీ లీడరే చెప్పే గ్రూపులో ఆయన ఎదురుగా ఉన్నంతసేపు పని బాగా నడిచింది. ఆయన గది బయటికి వెళ్ళగానే తగ్గిపోయింది. కలిసి నిర్ణయించుకున్న గ్రూపు మాత్రం లీడర్ లేకపోయినా పని చేసుకుంటూ పోయింది.

అంటే ఈ పద్ధతి ఎప్పుడూ తప్పేనా? కాదు. ల్యాబ్‌లో మంటలు లేస్తే మీటింగ్ పెట్టలేం, ఒకరు అరిచి చెప్పాల్సిందే. ఏం చెయ్యాలో స్పష్టంగా తెలిసి, ఆలస్యమైతే అడ్డుపడేవాళ్ళకే లాభం అయినప్పుడు కూడా ఇది పనికొస్తుంది. కరణాల విషయం అలాంటిదే. కానీ సమస్య ఎక్కడుందో లీడర్ కన్నా కింద పనిచేసేవాళ్ళకే బాగా తెలిసినప్పుడు, ఇదే పద్ధతి వాళ్ళ నోరు మూయిస్తుంది.

మన ఫెస్ట్ కమిటీలూ, ప్రాజెక్ట్ టీములూ ఎక్కువగా ఈ రెండో రకమే. కోడ్ ఎక్కడ ఆగిపోతుందో అది రాసినవాడికే ముందు తెలుస్తుంది. మీరు టీమ్ లీడ్ అయితే ఒక్కటి గుర్తు తెచ్చుకోండి: ఈ నెలలో మీ మాటకి ఎవరైనా "వద్దు" అన్నారా? ఎవరూ అనకపోతే ప్లాన్ అంత బాగుందని సంబరపడకండి, ఒకసారి మీరే వెళ్ళి అడగండి.